చారు, పులుసు: ఏది ఎంతసేపు మరగాలి, ఏది ఎప్పుడు పడాలి

చారు పెడితే చిక్కబడి పులుసులా తయారవుతోందని కొందరు, పులుసు ఎంత మరిగించినా ముక్క చప్పగా, రసం పుల్లగా విడివిడిగానే ఉండిపోతోందని మరికొందరు తరచూ అడుగుతున్నారు. ఈ రెండు ఇబ్బందులకూ మూలం ఒక్కటే: చారును పులుసు పద్ధతిలోనూ, పులుసును చారు పద్ధతిలోనూ వండడం. నీళ్లు ఎక్కువ పోస్తే చారు, తక్కువ పోస్తే పులుసు అనే లెక్క సగం వరకే నిజం. మిగతా సగం పొయ్యి మీద గడిచే సమయంలోనూ, దినుసులు గిన్నెలో పడే వరుసలోనూ ఉంది. ఇక్కడ ఇచ్చిన కొలతలన్నీ నలుగురికి సరిపోయేవి. చెంచా అంటే టీస్పూను, పెద్ద చెంచా అంటే టేబుల్ స్పూను అని గ్రహించాలి.

1. తేడా ఎక్కడుంది

చారులో తినవలసినది ద్రవమే. అందులో వేసిన టమాటా, వెల్లుల్లి, కరివేపాకు తమ రుచిని, వాసనను నీటికి ఇచ్చివేసి పక్కకు తప్పుకుంటాయి. మిరియాలు, జీలకర్ర, ధనియాల వాసన త్వరగా ఆవిరయ్యే నూనెలలో ఉంటుంది కనుక, పొడి వేసిన తరువాత చారు ఎంత ఎక్కువగా మరిగితే అంత వాసన వంటింట్లోకి పోతుంది, గిన్నెలో అంత తక్కువ మిగులుతుంది.

పులుసులో తినవలసినది ముక్క. చుట్టూ ఉన్న రసం ఆ ముక్కలోకి ఇంకాలి, ముక్కలోని సారం రసంలోకి దిగాలి, రెండూ కలిసి అన్నాన్ని పట్టుకునే చిక్కదనం రావాలి. దీనికి సమయం కావాలి, మంట తక్కువగా ఉండాలి, దించిన తరువాత కొంత విశ్రాంతి కూడా కావాలి.

గరిటెను ముంచి తీసి, దాని వెనుక భాగం మీద వేలితో ఒక గీత గీయండి. చారైతే గీత నిలవదు, వెంటనే కలిసిపోతుంది. పులుసైతే గీత కొద్ది క్షణాలు స్పష్టంగా నిలుస్తుంది. అయితే పులుసు చల్లారే కొద్దీ ఇంకా చిక్కబడుతుంది కనుక, కావలసినదానికంటే కొంచెం పల్చగా ఉండగానే దించాలి.

2. ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

చింతపండు: చారుకు 20 గ్రాములు, కూరగాయల పులుసుకు 40 గ్రాములు, చేపల పులుసుకు 50 నుంచి 60 గ్రాములు తీసుకోవచ్చు. ఒకసారి కడిగి, ఆ నీటిని పారబోసి, తరువాత వేడినీటిలో 15 నుంచి 20 నిమిషాలు నాననివ్వాలి. చన్నీటిలోనైతే ఇంకా ఎక్కువసేపు పడుతుంది. నానిన గుజ్జును చేత్తో పిసికి, పీచు, గింజలు అడ్డుపడేలా వడకట్టాలి. మొదటిసారి తీసిన చిక్కటి రసాన్ని, రెండోసారి పిప్పిలో నీళ్లు పోసి తీసిన పల్చటి రసాన్ని వేర్వేరుగా ఉంచుకుంటే, వంట మధ్యలో పులుపును సరిచేసుకోవడం తేలికవుతుంది.

కొత్త చింతపండు లేత రంగులో ఉండి పులుపు ఎక్కువగా ఉంటుంది. పాత చింతపండు నల్లబడి, రసానికి ముదురు రంగు ఇస్తుంది. చారుకు కొత్తది, పులుసుకు పాతది నప్పుతాయని నా అభిప్రాయం. విదేశాలలో సీసాలలో దొరికే చింతపండు గుజ్జులో కొన్ని రకాలు చాలా ఘాటుగా ఉంటాయి. ఒక చెంచాతో మొదలుపెట్టి, మరిగాక రుచి చూసి, అవసరమైతేనే పెంచాలి.

గిన్నె: చారుకు లోతైన గిన్నె, పులుసుకు అడుగు మందంగా ఉన్న వెడల్పాటి గిన్నె లేదా మట్టి దాక తీసుకోవాలి. కళాయి పూయని ఇత్తడి, రాగి పాత్రలలోనూ, అల్యూమినియం పాత్రలలోనూ చింతపండు మరిగించకూడదు. పులుపు లోహాన్ని కరిగించి వంటలోకి తెస్తుంది. స్టీలు, మట్టి పాత్రలతో ఈ బాధ లేదు.

పొయ్యి వెలిగించే ముందు చూసుకోవలసిన పట్టిక:

- చింతపండు రసం వడకట్టి, చిక్కటిది, పల్చటిది వేరుగా ఉన్నాయా
- ముక్కలు గట్టివి ఒక పళ్లెంలో, మెత్తనివి మరొక పళ్లెంలో ఉన్నాయా
- చారు పొడి లేదా మిరియాలు, జీలకర్ర అప్పటికప్పుడు దంచి ఉన్నాయా
- బియ్యప్పిండి చన్నీటిలో ఉండలు లేకుండా కలిపి ఉందా
- పోపు గింజలు, ఇంగువ, కరివేపాకు చేతికి అందేంత దూరంలో ఉన్నాయా

3. చారు: మరగవలసింది పులుపు, మరగకూడనిది పొడి

చారును మరిగించకూడదని చెబితే, చింతపండు పచ్చి వాసన పోదు కదా అనే ప్రశ్న వస్తుంది. ప్రశ్న సరైనదే. అందుకే చారును రెండు దశలలో వండాలి.

కావలసినవి: చింతపండు 20 గ్రాములు, పండిన టమాటాలు 2, పసుపు పావు చెంచా, ఉప్పు సుమారు ఒకటిన్నర చెంచా, మిరియాలు 1 చెంచా, జీలకర్ర 1 చెంచా, వెల్లుల్లి రెబ్బలు 5 లేక 6, కరివేపాకు, కొత్తిమీర, మొత్తం నీళ్లు లీటరు.

1. టమాటాలను చేత్తో చిదిపి, చింతపండు రసంలో వేసి, నీళ్లు రెండు కప్పులకు మించకుండా చూసుకోవాలి. పసుపు, ఉప్పు, కరివేపాకు వేసి మధ్యస్థమైన మంట మీద 8 నుంచి 10 నిమిషాలు మరిగించాలి. టమాటా తొక్క ముడుచుకొని విడిపోవాలి, పచ్చి వాసన పోవాలి.

2. మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి పొట్టుతో సహా కచ్చాపచ్చాగా దంచుకోవాలి. మెత్తగా నూరితే చారు మసకబారి, అడుగున మడ్డి చేరుతుంది.

3. దంచిన పొడిని, మిగిలిన నీళ్లను ఒకేసారి చేర్చి మంట కొంచెం తగ్గించాలి. ఇక్కడి నుంచి గిన్నె దగ్గరే నిలబడాలి. అంచుల వెంబడి నురుగు చేరి, మధ్యకు పాకి, పైకి పొంగబోయే వేళ పొయ్యి కట్టేయాలి. ఉడుకు పట్టి గలగల మరిగే దాకా ఆగితే ఆలస్యమైనట్టే.

4. చెంచా నేతిలో ఆవాలు, ఎండుమిర్చి, చివర చిటికెడు ఇంగువ వేసి, పోపును చారులో కలిపి వెంటనే మూత పెట్టాలి. పది నిమిషాల తరువాత కొత్తిమీర చల్లి వడ్డించవచ్చు.

చారు పొడిని ముందుగా చేసి ఉంచుకోదలచినవారు ధనియాలు 4 పెద్ద చెంచాలు, కందిపప్పు 2 పెద్ద చెంచాలు, మిరియాలు, జీలకర్ర ఒక్కో పెద్ద చెంచా, ఎండుమిర్చి 6 తీసుకోవాలి. ఒక్కోదాన్ని విడివిడిగా చిన్న మంట మీద వేయించాలి. అన్నీ కలిపి వేయిస్తే పప్పు వేగే లోపు జీలకర్ర మాడుతుంది. చల్లారిన తరువాతే పొడి చేసి, గాలి చొరబడని సీసాలో ఉంచాలి. నెల దాటితే పొడి పాడవదు కానీ వాసన సన్నగిల్లుతుంది.

ఇదే వరుసలో పులుపును మార్చి చూడవచ్చు. ఉడికించి మెదిపిన పచ్చి మామిడికాయ గుజ్జు, ఉసిరికాయ గుజ్జు చింతపండు స్థానంలో చక్కగా ఒదుగుతాయి. నిమ్మకాయ చారుకు మాత్రం రసాన్ని పొయ్యి కట్టేశాకే పిండాలి, మరిగితే చేదెక్కుతుంది. వేపపువ్వు చారులో పువ్వును నేతిలో ముదురు రంగు వచ్చేలా వేయించి, వడ్డించే ముందు కలపాలి.

4. పప్పుచారు: నడిమి దారి

ఇది చారుకూ పులుసుకూ మధ్య నిలుస్తుంది. అరకప్పు కందిపప్పును విడిగా మెత్తగా ఉడికించి మెదపాలి. పప్పును చింతపండు రసంతో కలిపి ఉడికించబోతే పులుపు పప్పును మెత్తబడనివ్వదు, కుక్కరులో ఎన్ని కూతలు వచ్చినా పలుకుగానే ఉంటుంది. ములక్కాడ, ఆనపకాయ, ఉల్లిపాయ ముక్కలను ఉడికించి, చింతపండు రసం పోసి పది నిమిషాలు మరిగాక, మెదిపిన పప్పును నీళ్లతో పల్చగా చేసి కలపాలి. ఆ తరువాత మరో ఐదు నిమిషాలు చాలు.

5. ముక్కల పులుసు: వరుసే ప్రాణం

పులుసులన్నింటిలో దీనిని నేర్చుకుంటే మిగతావి వాటంతట అవే వస్తాయి. చాలాచోట్ల దీన్నే దప్పళం అంటారు.

కావలసినవి: ములక్కాడ, చిలగడదుంప, ఆనపకాయ, తీపి గుమ్మడికాయ, వంకాయ, బెండకాయ, చిన్న ఉల్లిపాయలు అన్నీ కలిపి అరకిలో, చింతపండు 40 గ్రాములు, బెల్లం 20 నుంచి 30 గ్రాములు, కారం ఒకటిన్నర చెంచా, పసుపు అర చెంచా, బియ్యప్పిండి 1 పెద్ద చెంచా, పచ్చిమిర్చి 4, పోపుకు నూనె 2 పెద్ద చెంచాలు.

ముక్కలు పెద్దవిగా ఉండాలి. ములక్కాడ వేలెడంత, మిగతావి అంగుళంన్నర ప్రమాణంలో కోయాలి. చిన్నగా తరిగిన గుమ్మడికాయ పులుసు పూర్తయ్యేసరికి కనిపించకుండా కరిగిపోతుంది.

1. ములక్కాడ, చిలగడదుంప, ఉల్లిపాయలను అవి మునిగేటన్ని నీళ్లలో వేసి, కొంచెం ఉప్పు, పసుపు చేర్చి, మూత పెట్టి ఐదారు నిమిషాలు ఉడికించాలి.

2. ఆనపకాయ, గుమ్మడికాయ, వంకాయ, చీల్చిన పచ్చిమిర్చి చేర్చి మరో ఐదారు నిమిషాలు ఉడికించాలి. బెండకాయలను విడిగా కొద్ది నూనెలో జిగురు పోయేదాకా వేయించి పక్కన పెట్టాలి.

3. ముక్క ముప్పావు వంతు ఉడికిందో లేదో చాకుతో గుచ్చి చూడాలి. చాకు దిగాలి, ముక్క విరగకూడదు. ఈ పరీక్ష నెగ్గిన తరువాతే చింతపండు రసం పోయాలి. చాలామంది పులుసు చెడేది ఈ మలుపులోనే. పులుపు తగిలిన కూరగాయ గట్టిగా నిలబడిపోతుంది, ఆ తరువాత అరగంట మరిగించినా రసం ఇంకిపోతుందే తప్ప ముక్క మెత్తబడదు. త్వరగా అవుతుందని అన్నీ ఒకేసారి గిన్నెలో పడేసేవారి పులుసులో ములక్కాడ నార తీయడానికి ఇదే కారణం.

4. కారం, మిగిలిన ఉప్పు, వేయించిన బెండకాయలు వేసి, మూత లేకుండా చిన్న మంట మీద సుమారు 15 నిమిషాలు మరిగించాలి. గరిటెను అడుగు నుంచి పైకి మెల్లగా తిప్పాలి, గిన్నె చుట్టూ కలియబెట్టకూడదు.

5. బెల్లం వేసి, అది కరిగాక రుచి చూడాలి. కోస్తా జిల్లాలలో తీపి ముందుకు వస్తే ఇష్టపడేవారు ఎక్కువ, తెలంగాణలో, రాయలసీమలో కారం, పులుపు పైచేయిగా ఉండాలనేవారు ఎక్కువ. ఎవరి ఇంటి తీరు వారిది. అయితే తీపి వద్దనేవారు కూడా చిన్న ముక్క బెల్లం వేస్తే పులుపులోని కరుకుదనం తగ్గుతుంది.

6. చన్నీటిలో కలిపిన బియ్యప్పిండిని మరిగే పులుసులో సన్నని ధారగా పోస్తూ కలపాలి. తరువాత మూడు నాలుగు నిమిషాలు మాత్రమే మరగాలి. పిండిని మొదట్లోనే వేసి చాలాసేపు మరిగిస్తే, పులుపు వల్ల పిండికి పట్టు సడలి పులుసు మళ్లీ పల్చబడుతుంది, అడుగు కూడా అంటుతుంది.

7. నూనెలో ఆవాలు, పావు చెంచా మెంతులు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువతో పోపు పెట్టాలి. మెంతులు బంగారు రంగు దాటి నల్లబడితే ఆ చేదు పులుసంతటా పాకుతుంది, అలాంటి పోపును పారబోసి మళ్లీ పెట్టుకోవడమే మేలు.

8. మూత పెట్టి కనీసం అరగంట కదపకుండా ఉంచాలి.

చిక్కదనానికి బియ్యప్పిండి ఒక్కటే మార్గం కాదు. శనగపిండి వేస్తే రసం మరింత మందంగా, కమ్మగా వస్తుంది. వేయించిన నువ్వుల పొడి వేస్తే వంకాయ పులుసుకు, కాకరకాయ పులుసుకు మంచి పట్టు వస్తుంది. చామదుంప పులుసుకు ఏ పిండీ అక్కరలేదు, దుంపలోని జిగురే చాలు. కాకపోతే దుంపలను ముందుగా ఉడికించి, పొట్టు తీసి వాడాలి, లేకపోతే గొంతు దురద పెడుతుంది. కోడిగుడ్ల పులుసులో ఉడికిన గుడ్డుకు నాలుగు వైపులా గాట్లు పెట్టి వేస్తేనే రసం లోపలికి దిగుతుంది.

6. చేపల పులుసు: వరుస తలకిందులు

కూరగాయల పులుసులో ముక్క ముందు, పులుపు తరువాత. చేపల పులుసులో రసం పూర్తిగా తయారైన తరువాతే ముక్క పడుతుంది. చేప చాలా త్వరగా ఉడుకుతుంది, మెత్తబడడమే తప్ప గట్టిపడి ఇబ్బంది పెట్టే రకం కాదు, కనుక దానికి ఎక్కువసేపు మంట చూపిస్తే ముక్క విరిగి ముల్లు మిగులుతుంది. కొర్రమీను, బొచ్చె, శీలావతి, వంజరం అన్నీ పులుసుకు పనికొస్తాయి. ముక్క మందం ముప్పావు అంగుళానికి తగ్గకుండా కోయించుకోవాలి.

1. 750 గ్రాముల చేప ముక్కలకు ఉప్పు, పసుపు, చెంచా కారం పట్టించి 15 నుంచి 20 నిమిషాలు ఉంచాలి.

2. వెడల్పాటి గిన్నెలో 5 పెద్ద చెంచాల నూనె కాచి, పావు చెంచా మెంతులు, కరివేపాకు, సన్నగా తరిగిన 2 పెద్ద ఉల్లిపాయలు వేసి బాగా రంగు మారేదాకా వేయించాలి. చేపల పులుసు చిక్కదనం ఈ ఉల్లిపాయలోనే ఉంది. ఇక్కడ తొందరపడితే తరువాత ఏ పిండి వేసినా సరిపడదు.

3. చెంచా అల్లం వెల్లుల్లి ముద్ద పచ్చివాసన పోయేదాకా వేయించి, మంట తగ్గించి, 2 చెంచాల కారం, 2 చెంచాల ధనియాల పొడి నూనెలో అర నిమిషం తిప్పాలి. కారం రంగు నూనెలోనే బాగా విడుదలవుతుంది, కానీ మాడడానికి క్షణం చాలు.

4. చింతపండు రసం, నీళ్లు కలిపి సుమారు అరలీటరు పోసి, ఉప్పు వేసి, నూనె పైకి తేలేదాకా 12 నుంచి 15 నిమిషాలు మరిగించాలి. ఉప్పు, పులుపు, కారం ఈ దశలోనే సరిచూసుకోవాలి.

5. మంట తగ్గించి, ముక్కలను ఒకదాని మీద ఒకటి పడకుండా ఒకే వరుసలో పేర్చాలి. ఇకమీదట గరిటె పెట్టకూడదు. గిన్నె అంచులను గుడ్డతో పట్టుకొని గుండ్రంగా ఊపాలి. ముక్క మందాన్ని బట్టి 8 నుంచి 12 నిమిషాలలో పని పూర్తవుతుంది.

6. దించిన తరువాత నాలుగైదు గంటలకు రుచి నిలకడకు వస్తుంది. మరునాటికి ఉంచదలిస్తే చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టాలి.

నాటుకోడి పులుసుకు ఈ వరుస వర్తించదు. నాటుకోడి మాంసం గట్టిది కాబట్టి ముందు మసాలాతో పూర్తిగా మెత్తబడేలా ఉడికించాలి. చింతపండు వేసే ఇళ్లలో కూడా కొద్దిగా, అదీ చివరలోనే వేయాలి. రాగి సంగటితో తినేటట్లయితే రసం కాస్త ఎక్కువగా ఉంచుకోవాలి, సంగటి దాన్ని బాగా పీల్చుకుంటుంది.

7. పేరును బట్టి పద్ధతి నిర్ణయించలేనివి

ఉలవచారు పేరుకు చారే కానీ, వండే తీరు పులుసుది. పావుకిలో ఉలవలను 8 నుంచి 10 గంటలు నానబెట్టి, రెండు లీటర్ల నీటిలో బాగా మెత్తబడేలా ఉడికించి, ఆ నీటిని వడకట్టుకోవాలి. చింతపండు రసం, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కారం చేర్చి సగానికి ఇంకేదాకా చిన్న మంట మీద మరిగించాలి. మిగిలిన ఉలవలు గుగ్గిళ్లకు పనికొస్తాయి.

తెలంగాణ పచ్చి పులుసు పేరుకు పులుసే కానీ, పొయ్యి ఎక్కదు. పల్చటి చింతపండు రసంలో కాల్చిన పచ్చిమిర్చి లేదా ఎండుమిర్చి, సన్నని ఉల్లిముక్కలు, నువ్వుల పొడి, ఉప్పు చేత్తో పిసికి కలిపి పోపు పెడితే చాలు. మరిగించడం లేదు కనుక నీళ్లు మాత్రం కాచి చల్లార్చినవి వాడాలి.

మజ్జిగ పులుసులో విరగడం ఒక్కటే భయం. నానిన శనగపప్పు, అల్లం, పచ్చిమిర్చి, కొబ్బరి ముద్దను పుల్లటి చిక్కటి మజ్జిగలో బాగా గిలకొట్టి కలపాలి. ముక్కలను విడిగా ఉడికించి చేర్చి, చిన్న మంట మీద ఆపకుండా కలుపుతూ, పొంగు రాబోయే వేళ దించాలి. మూత పెట్టి వదిలేయకూడదు.

8. తప్పులు, వాటి సవరణలు

- ఉప్పు ఎక్కువైంది: బంగాళాదుంప వేస్తే ఉప్పు లాగేస్తుందనే మాట నమ్మి సమయం వృథా చేయవద్దు. దుంప ఉప్పునీటిని పీల్చుకుంటుంది, మిగిలిన నీటి ఉప్పదనం దాదాపు అలాగే ఉంటుంది. నీళ్లు పోసి, తగ్గిన పులుపును రెండో రసంతో పూరించడమే దారి. పులుసైతే ఉప్పు లేకుండా ఉడికించిన ఆనపకాయ ముక్కలు కూడా చేర్చవచ్చు.

- పులుపు ఎక్కువైంది: చారులో పప్పు కట్టు, పులుసులో బెల్లం లేదా ఉడికించిన గుమ్మడి ముక్కలు కలపాలి. కేవలం నీళ్లు పోస్తే పులుపుతో పాటు అన్నీ పల్చబడతాయి.

- చారు చేదెక్కింది: జీలకర్ర లేదా మిరియాలు మాడి ఉంటాయి. దీనికి సవరణ లేదు, పొడి మార్చి మళ్లీ పెట్టుకోవాలి.

- చారుకు వాసన లేదు: పొడి వేశాక ఎక్కువ మరిగింది. అర చెంచా మిరియాలు, జీలకర్ర తాజాగా దంచి, చెంచా వేడి నేతిలో కలిపి చారులో వేసి, మూత పెట్టి పది నిమిషాలు ఉంచండి.

- పులుసులో పిండి ఉండలు కట్టింది: పొడి పిండిని నేరుగా వేసినందువల్ల ఇలా అవుతుంది. ముక్కలను జాగ్రత్తగా వేరుగా తీసి, రసాన్ని జల్లెడలో వడకట్టి మళ్లీ కలపాలి.

- పులుసు మరీ చిక్కబడింది: మరిగే నీటిని కొద్దికొద్దిగా చేర్చాలి. చన్నీళ్లు పోస్తే మళ్లీ ఉడుకు పట్టేలోపు ముక్కలు చితుకుతాయి.

- చింతపండు పోశాక ముక్క ఉడకలేదని తెలిసింది: ముక్కలను మాత్రమే తీసి, మంచినీటిలో విడిగా ఉడికించి, తిరిగి రసంలో వేయండి.

9. వడ్డన, నిల్వ

ఒకే పూట రెండూ చేసేటప్పుడు పులుసును ముందు దించి, అది కుదురుకునే అరగంటలో చారు పెట్టుకోవాలి. చారును మళ్లీ వేడి చేయవలసి వస్తే పొగలు రాగానే ఆపాలి. పొంగు రెండోసారి రానివ్వకూడదు.

పప్పు కలిసిన చారు వేసవిలో ఉదయం చేస్తే సాయంత్రానికి పులిసే అవకాశం ఉంది, కనుక అన్నం తిన్న వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాలి. చేపల పులుసు, కూరగాయల పులుసు ఫ్రిజ్‌లో రెండు రోజులు నిలుస్తాయి. మొత్తం గిన్నెను పదేపదే వేడి చేయకుండా, ఆ పూటకు కావలసినంత మాత్రమే పొడి గరిటెతో వేరే గిన్నెలోకి తీసి, బాగా ఉడుకు పట్టేలా వేడి చేసుకోవాలి.